బుగత చూపు, కంబారి చొక్కా

(శ్రీకాకుళంలో మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం. మాట్లాడిన తీరు చెదరకుండా, అక్కడక్కడ మాత్రం సరిచూసి ఇస్తున్న పాఠం)



దైవప్రేమ మీద మాట్లాడమన్నారు. ఈ జిల్లాలో ఆ మాట ఎత్తితే శ్రీకూర్మం నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. చైతన్యుడు దక్షిణాదికి వస్తూ శ్రీకూర్మంలో ఆగాడనీ, సింహాచలం మీదుగా గోదావరి ఒడ్డుకు వెళ్లి రామానంద రాయలతో ప్రేమభక్తి గురించి రాత్రిళ్లు మాట్లాడాడనీ చైతన్య చరితామృతం చెబుతుంది. అది 16వ శతాబ్దం తొలినాళ్ల మాట. ఆ దారిన నడిచినవాళ్లు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను మాత్రం మాస్టారికి ఇష్టమైన ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడతాను. ఒకరు మనవారే, పురుషోత్తమ చౌదరి గారు. రెండో ఆవిడది ఇంగ్లండులో నార్విచ్ పట్నం, చౌదరి గారికి నాలుగున్నర శతాబ్దాల ముందటి మనిషి. ఆవిణ్ణి జూలియన్ అంటారు. మాస్టారు పొద్దున్న బళ్లో ఇంగ్లీషు చెప్పి, సాయంత్రం ఇంట్లో తెలుగు కీర్తన పాడుకునేవారు కాబట్టి ఈ జత ఆయనకు వింతగా ఉండేది కాదు.

ముందు చౌదరి గారి సంగతి. 1803లో పర్లాకిమిడి తాలూకా మదనాపురంలో పుట్టారు. బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబం, చుట్టూ ఒరియా, రాసింది తెలుగు. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. అంటే ఇంటిపెద్ద పేరులోనే మన శ్రీకూర్మం దేవుడున్నాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అక్కణ్ణించి 1890లో కన్నుమూసేదాకా పర్లాకిమిడి, శ్రీకాకుళం, విశాఖపట్నం, కటకం ఈ ఊళ్ల మధ్యే ఆయన తిరుగుడంతా. వందకు పైగా కీర్తనలు కట్టారు. ‘కులాచార పరీక్ష’, ‘నిస్తార రత్నాకరము’ లాంటి పుస్తకాలూ రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల కింద ఆయన పేరుంటుంది, పైన రాగం, తాళం ఉంటాయి. లూథరన్ గుడైనా, బాప్టిస్టు గుడైనా, సీఎస్సై గుడైనా ఆ పుస్తకం చదవని పాత తరం లేదు. ఇప్పటి పిల్లలు పైనున్న రాగం పేరు చూడకుండా కీబోర్డు ఏ ట్యూను ఎత్తుకుంటే ఆ ట్యూనులోకి దూకుతున్నారు, అది వేరే బాధ.

ఆయన బాప్తిస్మం తీసుకున్న ఆ రెండు మూడేళ్లు ఎలాంటివో ఒకసారి తలుచుకోండి. దక్షిణాన గుంటూరు సీమను నందన కరువు తినేస్తోంది. ఇక్కడ పర్లాకిమిడి మన్యం, విజయనగరం చుట్టుపక్కల పితూరీలు. అవి అణచడానికి కంపెనీవారు 1832 చివర్లో జార్జి రస్సెల్‌ని కమిషనరుగా పంపించారు. ఊళ్లు తగలబడ్డాయి, ఉరికంబాలు లేచాయి. కులం వదులుకుని కొత్త దేవుణ్ణి పట్టుకున్న ముప్పయ్యేళ్ల మనిషి చుట్టూ ఉన్న లోకం అది. ఆ మనిషి పాటల్లో ‘త్రాహిమాం’ అని మొదలయ్యేదొకటి ఉంది. మీలో సగం మందికి కంఠతా వచ్చు కాబట్టి చదవను. అందులో పాడేవాడు ఎక్కడున్నాడో చూడండి. దేవుడి ముందు నిలబడి లేడు, కాళ్ల దగ్గర ఉన్నాడు. చెయ్యి చాచి ఉన్నాడు. అడుగుతున్నది ఒకటే: ఇటు చూడు అని. ధనం అడగలేదు, స్వర్గం కూడా మొదటే అడగలేదు. చూపు అడిగాడు.

తెలుగు భక్తిలో ఇది కొత్త కాదు. కటాక్షం కోసం ఏడవని వాగ్గేయకారుడు మనకు లేడు. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలున్న గుడి అది. దేవుడు ఎటు చూస్తున్నాడన్నది ఈ నేలలో స్థలపురాణం దాకా వెళ్లిన విషయం. చౌదరి గారు మతం మారారు గానీ ఆ ఆకలిని మాత్రం వదిలిపెట్టి వెళ్లలేదు. ఆర్. ఆర్. సుందరరావు గారు తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు, 1983లో వచ్చింది. ఈ వైపు నుంచి చూడాలనుకునేవాళ్లకు అది మంచి మొదలు.

నాకు ఎప్పుడూ ఒక సందేహం ఉండేది. అలా అడిగినవాడికి ఏం జరుగుతుంది? కీర్తన అడగడం దగ్గర మొదలై, నమ్మకం దగ్గర ఆగుతుంది. ఆ చూపు ఎలా ఉంటుందో, ఎవరి కన్నులో, ఆ కన్నులు అప్పటిదాకా ఎటు చూస్తున్నాయో పాట చెప్పదు. చెప్పక్కర్లేదు, పాట పని అది కాదు. ఆ జవాబు కోసమే నార్విచ్ దాకా వెళ్లాను.

జూలియన్ 1342 చివర్లోనో మరుసటేడు మొదట్లోనో పుట్టింది. అసలు పేరు తెలీదు. నార్విచ్‌లో సెయింట్ జూలియన్ చర్చి గోడకు ఆనించి కట్టిన గదిలో చివరిదాకా ఉండిపోయింది కాబట్టి గుడి పేరే ఆమెకు పేరయిందంటారు. అప్పట్లో అలా ఒక గదిలో తలుపు మూయించుకుని ప్రార్థనలో ఉండిపోయే ఏకాంతవాసులు ఇంగ్లండులో చాలాచోట్ల ఉండేవారు. మామూలుగా మూడు కిటికీలుంటాయి. ఒకటి గుళ్లోకి, ఒకటి పనిమనిషి అన్నం అందించడానికి, ఒకటి వీధిలోకి. వీధి కిటికీకి తెర ఉంటుంది, కష్టం చెప్పుకునేవాళ్లు తెర ఇవతల నిలబడి చెప్పుకుంటారు. మార్జరీ కెంప్ అనే గృహిణి 1413 ప్రాంతంలో అలా వెళ్లి ఈమెతో మాట్లాడి వచ్చింది. ఆ సంగతి తర్వాత తన జీవిత కథలో చెప్పి రాయించింది. తమ వీలునామాల్లో ఈ ఏకాంతవాసికి కొంత డబ్బు రాసిపెట్టినవాళ్లున్నారు. 1394 నుంచి అలాంటి కాగితాలు దొరుకుతున్నాయి. అంటే ఆవిడ ఊరికి దూరంగా ఉన్న మనిషి కాదు, ఊరి నడిబొడ్డున గోడ వెనకాల ఉన్న మనిషి.

ఆ ఊరి సంగతీ తెలియాలి. ఆమెకు ఆరేళ్లప్పుడు, 1349లో, నల్ల మహమ్మారి నార్విచ్‌ని ఊడ్చేసింది. ముప్పయ్ ఎనిమిదేళ్లప్పుడు, 1381లో, రైతులు తిరగబడ్డారు. నార్విచ్ బిషప్ డిస్పెన్సర్ స్వయంగా కత్తి పట్టి నార్త్ వాల్షమ్ దగ్గర వాళ్లను చీల్చి చెండాడాడు. చౌదరి గారికి రస్సెల్ లాగా, ఆమెకు ఆ బిషప్.

1373 మే నెల. వయసు ముప్పయ్యిన్నర. జబ్బు చేసి చావుకు సిద్ధంగా ఉంది, ఆఖరి సంస్కారాలు అయిపోయాయి. పాదిరి వచ్చి కళ్ల ఎదుట సిలువ పట్టుకున్నాడు. గదంతా చీకటైపోయి సిలువ ఒక్కటే వెలుగులో కనిపించింది. అక్కణ్ణించి పొద్దుపోయేలోగా పదిహేను దర్శనాలు, మరునాటి రాత్రి ఒకటి, మొత్తం పదహారు. జబ్బు తగ్గింది, తర్వాత ఆమె నలభయ్యేళ్లకు పైగా బతికింది. చూసినదాన్ని మొదట చిన్న పుస్తకంగా రాసింది. దాని గురించి ఇరవయ్యేళ్లు ఆలోచించి మళ్లీ పెద్ద పుస్తకంగా రాసింది. ఇంగ్లీషులో ఒక స్త్రీ రాసిందని తెలిసిన తొలి పుస్తకం ఇదేనంటారు. ప్రవాసంలో ఉన్న ఇంగ్లీషు కాథలిక్ సన్యాసినులు ఫ్రాన్సులో నకళ్లు రాసుకుని కాపాడితే, 1670లో తొలిసారి అచ్చయింది. 1901లో గ్రేస్ వారక్ అనే ఆవిడ మళ్లీ తెచ్చాకే లోకం చదవడం మొదలుపెట్టింది. కాబట్టి చౌదరి గారు ఈ పేరు విని ఉండే అవకాశం దాదాపు లేదు. నేను ఎవరి నుంచి ఎవరికి ఏం పారిందని చెప్పడం లేదు.

ఆమె రాత ఎలా ఉంటుందంటే, ముళ్ల కిరీటం కింద నుదుటి మీద కారే నెత్తురు చూస్తుంది. వానపడ్డాక ఇంటి చూరు నుంచి జారే చుక్కలంటుంది. నుదుటి మీద పరుచుకున్న తీరును చేప పొలుసుతో పోలుస్తుంది. నార్విచ్ పక్కన సముద్రం, హెర్రింగ్ చేపల వ్యాపారం. దేవుడి నెత్తురు దగ్గర చేప పొలుసు తలుచుకోవడానికి సంకోచించని మనిషి. కళింగపట్నం, భావనపాడు తీరం నుంచి వచ్చినవాళ్లకు ఆవిడ ఏం చూసిందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. మరోచోట, సృష్టి అంతా తన అరచేతిలో చిన్న గింజంతే కనిపించిందంటుంది. ఆమెకు అది హేజెల్ గింజ, మనకు పలాస జీడిగింజ అనుకోండి. ఇంత చిన్నది నలిగిపోకుండా ఎలా ఉందని ఆశ్చర్యపోయింది. దేవుడు చేశాడు, ప్రేమిస్తున్నాడు, కాపాడుతున్నాడు, అందుకే ఉంది అని తెలిసిందట.

ఆమె పేరు చెప్పగానే ఇప్పుడందరూ ఒక్క వాక్యమే చెబుతారు. అన్నీ చక్కబడతాయన్న ఊరట వాక్యం. టి. ఎస్. ఎలియట్ దాన్ని కవిత్వంలోకి తెచ్చాక మరీ ప్రసిద్ధమైంది, గ్రీటింగు కార్డుల మీదికీ ఎక్కింది. నాకు ఆ కార్డులు చూస్తే ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ మాట విన్నది జూలియనే గానీ, ఆ మాటకు అడ్డం తిరిగిందీ జూలియనే. ఇంత పాపం, ఇంత నొప్పి కళ్లెదుట ఉంటే ఎలా చక్కబడతాయి అని అడిగింది. ఎందరో నశించిపోతారని సంఘం బోధిస్తోంది కదా, మరి ఎలా అని మళ్లీ అడిగింది. పూర్తి జవాబు దొరకలేదు. ఆఖరి రోజున దేవుడు చేయబోయే ఒక పెద్ద పని ఉంది, అది ఏమిటో ఇప్పుడు తెలియదు అన్నంతవరకే వెళ్లి ఆగింది. తల్లీ అని యేసును పిలవడం గురించీ చాలా చెబుతారు. మనకు అందులో కొత్తేమీ లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను చూసిన విజయనగరం వాళ్లకు దేవుణ్ణి అమ్మా అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆమె కంటే ముందు యూరపులోనూ ఆన్‌సెల్మ్ లాంటివాళ్లు ఆ మాట వాడారు.

అసలైనది 51వ అధ్యాయం. చిన్న పుస్తకంలో ఇది లేదు. అప్పటికి ఆమెకు అర్థం కాలేదు. ఇరవయ్యేళ్లకు మూడు నెలలు తక్కువగా దాన్ని తిప్పి తిప్పి చూశాక గానీ రాయలేదు.

కథ చిన్నది. ఒక యజమాని, ఒక పనివాడు. మన పల్లె భాషలో చెబుతాను, ఒక బుగత, ఒక కంబారి. బుగత కూర్చుని ఉన్నాడు. కంబారి ఎదుట నిలబడి ఉన్నాడు, చెప్పిన పని చెయ్యడానికి సిద్ధంగా. బుగత ప్రేమగా చూసి ఒకచోటికి పంపాడు. కంబారి నడవలేదు, పరుగెత్తాడు. యజమాని పని మీద వెళ్తున్నానన్న ఆనందంతో పరుగెత్తాడు. ఆ పరుగులోనే గోతిలో పడ్డాడు. గట్టి దెబ్బ. మూలుగుతున్నాడు, మెలికలు తిరుగుతున్నాడు, లేవలేడు. అతని బాధలు ఏడని ఆమె లెక్కపెట్టింది. అన్నిటికంటే పెద్దది వేరే అంటుంది. మెడ తిప్పలేడు. యజమాని చాలా దగ్గర్లోనే ఉన్నాడు, ప్రేమగా చూస్తూనే ఉన్నాడు. వీడికి మొహం అటు తిప్పడం చేతకాదు. తన నొప్పే తనకు లోకమైపోయి, తనను చూస్తున్న కళ్లు కనబడక ఏడుస్తున్నాడు.

ఆమె జాగ్రత్తగా చూసింది. వీడి తప్పేమైనా ఉందా అని చూసింది. యజమాని వీడి మీద నింద వేస్తున్నాడా అని చూసింది. రెండూ లేవు. పడిపోవడానికి కారణం వాడి మంచి మనసూ, ఆత్రమూ మాత్రమే. పైగా యజమాని, నా పని మీద వెళ్లి దెబ్బ తగిలించుకున్నాడు కదా, పడకపోతే ఇచ్చేదానికంటే ఎక్కువే ఇవ్వాలి అనుకుంటున్నాడు. దేవుడిలో కోపమనేది తనకు ఎక్కడా కనబడలేదనీ, కోపం ఉన్నది మనిషి వైపేననీ ఆమె అంతకు ముందే రాసి ఉంది. ఆ రోజుల్లో, మహమ్మారిని దేవుడి కోపంగా బోధిస్తున్న కాలంలో, అది రాయడం మాటలు కాదు.

ఇక్కడ చౌదరి గారి కీర్తన పక్కన పెట్టండి. ఇటు చూడు అని అడిగే గొంతు ఇక్కడిది. నువ్వు అడగకముందు నుంచీ చూస్తూనే ఉన్నాడు, నీ మెడ తిరగడం లేదంతే అనే జవాబు అక్కడిది. మొదటిసారి ఈ రెండూ కలిపి చదివినప్పుడు చౌదరి గారి పాట నాకు చిన్నదైపోలేదు. గోతిలో ఉన్నవాడు ఎలా పాడాలో అలాగే పాడాడు అనిపించింది. చూస్తున్నవాడి మొహం కనబడనివాడు చూడమనే అడుగుతాడు. అది అబద్ధం కాదు, గోతిలో నుంచి నిజమైన మాటే.

నిలదియ్యాల్సిన విషయం ఒకటుంది, అది దాటేసి వెళితే మాస్టారు ఊరుకునేవారు కాదు. యజమాని చూపు, పనివాడి ఆత్రం అంటూ శ్రీకాకుళంలో నిలబడి ఇంత తియ్యగా మాట్లాడవచ్చా? ఇది కాళీపట్నం రామారావు గారి ఊరు. ‘యజ్ఞం’ కథ చదివినవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అప్పు కింద తరతరాలు పాలేరుతనం చెయ్యాల్సి వస్తుందని సీతారాముడు తన పసిబిడ్డను తానే చంపుకుంటాడు. అక్కడ బుగతల చూపులో ప్రేమ ఎంత ఉందో కారా మాస్టారు మనకు చూపించారు. ఆ కథ వచ్చిన దశాబ్దం చివర్లోనే ఈ కొండల్లో గిరిజన రైతులు తిరగబడ్డారు. దాస్యభక్తి పాడేవాళ్లు ఈ నేల మీద ఒకసారి గొంతు సవరించుకుని పాడాలి. చౌదరి గారు ‘కులాచార పరీక్ష’ రాసినవారు కాబట్టి ఆయనకు ఇది తెలియదనుకోను. పై కులంలో పుట్టి, చేయి చాచినవాడి చోట తనను నిలబెట్టుకోవడం ఆయన పాటలో చేసిన పని. కానీ పాటలో యజమాని యజమానిగానే ఉండిపోయాడు, ఆయన చోటు మారలేదు.

జూలియన్ కథలో మారింది. అందుకే దాన్ని ఇక్కడ చెప్పడానికి ధైర్యం చేశాను. ఇరవయ్యేళ్లు చూసిన తర్వాత ఆమెకు మొదట కనిపించనివి కనిపించాయి. యజమాని కూర్చున్నది సింహాసనం మీద కాదు, బీడు నేల మీద, ఒంటరిగా. ఒంటి మీద వదులుగా, పొడుగ్గా నీలం బట్ట. కన్నులు నలుపు, మొహం చామనఛాయ. నార్విచ్‌లో గది గోడల మధ్య ఉన్న మనిషి దేవుడి మొహానికి ఆ రంగు వేసింది. ఇక కంబారి వైపు చూస్తే, ఒకే ఒక్క చొక్కా. తెల్లదే, కానీ పాతది, చెమట పట్టి రంగు మారింది, ఒంటికి బిగుతు, మోకాలి కింద బెత్తెడు దిగుతుందంతే, నేడో రేపో చిరిగిపోయేలా ఉంది. ఇంత ప్రేమించే యజమాని ముందు ఇలాంటి బట్టతో నిలబడడమేమిటి అని ఆమెకు నచ్చలేదు. నచ్చలేదనే రాసింది.

తర్వాత తెలిసింది. ఆ కంబారి ఆదాము. అంటే మనుషులందరూ. ఆ కంబారే కుమారుడు కూడా. యజమాని సొంత కొడుకు ఆ చెమట చొక్కా వేసుకుని నిలబడ్డాడు. పరుగెత్తిందీ పడిందీ ఇద్దరూ. పైగా కొడుకు చెయ్యాల్సిన పని ఏమిటంటే తోటపని. మట్టి తవ్వాలి, బోదెలు తియ్యాలి, చెమటోడ్చాలి, నేలను కిందుమీదు చెయ్యాలి, వేళకు నీళ్లు పెట్టాలి. ఆ పంట తెచ్చి యజమాని ముందు పెట్టాలి, అప్పటిదాకా ఆయనకు తిండి లేదు. అన్నీ ఉన్నవాడు, ఒక్క ఈ పనివాడి చేతి వంట కోసం నేల మీద కూర్చుని కాచుకుని ఉన్నాడు. చివరికి ఆ పనివాడు ఎడమ పక్కన నిలబడడు, కుడి పక్కన కూర్చుంటాడు. పాత చొక్కా పోయి విశాలమైన తెల్లని బట్ట వస్తుంది.

1381 చూసిన స్త్రీ ఇది రాసింది. తిరగబడ్డ రైతుల పక్షాన రాసిందని నేను చెప్పను, పుస్తకంలో ఆ ఊసే లేదు. బిషప్ కత్తి గురించీ లేదు. కానీ దేవుడి కొడుక్కి దున్నేవాడి చొక్కా తొడగడం అప్పుడు ఆ ఊళ్లో ఊరికే తోచే మాట కాదు. బుగత చూపులోని ప్రేమను ఆమె నమ్మింది, బుగత కొడుకు కంబారి చొక్కాలోకి వచ్చాడు కాబట్టి నమ్మింది. ‘యజ్ఞం’ చదివినవాడికి అంతకంటే తక్కువ జవాబు సరిపోదని నా అభిప్రాయం. అది కూడా సరిపోదు అనేవాళ్లు ఉంటారు, వాళ్లతో నాకు తగువు లేదు.

దైవప్రేమ మీద రాయడం ఇక్కడి క్రైస్తవులకు పరాయిది కాదని చెప్పడానికి ఇంకొక్క మాట. 1846లో ఫ్రెంచి మాట్లాడే సవాయ్ సీమలోని అనెసీ నుంచి విశాఖపట్నం వచ్చిన ఫాదర్లది సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరున వెలసిన సభ. ఆ ఫ్రాన్సిస్ 1616లో దేవుని ప్రేమ మీద పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు. 1993లో ఏర్పడిన మన శ్రీకాకుళం మేత్రాసనం పుట్టింది ఆ విశాఖ మేత్రాసనం నుంచే. ఆ గ్రంథం గురించి చెప్పాలంటే ఇంకో సభ కావాలి. పరాయి పుస్తకాలు తెచ్చుకోవడమూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చారు. హరికథకుడు పారశీక కవిని తెచ్చుకున్న చోట, బాప్టిస్టు గుడి మనిషి కాథలిక్ ఏకాంతవాసిని తెచ్చుకుంటే తప్పేముంది? 51వ అధ్యాయం ఒక్కటైనా మన పల్లె మాటలో రావాలి. బుగత, కంబారి, గొయ్యి, బోదె, అన్ని మాటలూ మన దగ్గరున్నాయి. పిల్లల్లో ఎవరైనా పూనుకుంటే మాస్టారి దగ్గరున్న ఇంగ్లీషు ప్రతి వాళ్లబ్బాయి ఇస్తానన్నారు.

ఇప్పుడు మన గాయకబృందం చౌదరి గారి ఆ కీర్తన పాడుతుంది. కీబోర్డు వద్దన్నాను, తంబురా, తబలా చాలన్నాను. పుస్తకంలో పైన వేసిన రాగంలోనే పాడమన్నాను. రెండో చరణం దగ్గర వేగం పెంచడం అలవాటైపోయింది, అది మాత్రం వద్దమ్మా, విలంబంలోనే పాడండి. సెలవు.